పాత పొగాకు గోడౌన్ గోడ అడుగున ఇటుక రాలుతోంది. కూల్చాలా, బాగు చేయించాలా?

గుంటూరు సుగుణ:

అందరికీ నమస్కారం. కొంచెం పెద్ద పోస్టే, ఓపిగ్గా చదివి సలహా చెప్పండి.

గుంటూరులో రైల్వే గూడ్స్ షెడ్డు దగ్గర మా తాతగారు కట్టించిన పొగాకు గోడౌన్ ఉంది. 1938లో కట్టారు. పొడవు 120 అడుగులు, వెడల్పు 45, పన్నెండు అంకణాలు (రెండు దూలాల మధ్య జాగా ఒక అంకణం). రెండిటుకల గోడ, అంటే పద్దెనిమిది అంగుళాల మందం. సిమెంటు అన్నమాటే లేదు, అంతా గానుగ సున్నం. పైన పదకొండు టేకు ట్రస్సులు, అంటే కప్పుని మోసే త్రికోణపు చట్రాలు, వాటి మీద బెంగుళూరు పెంకు. మనం బెంగుళూరు పెంకు అంటాం గానీ అవి మంగళూరువి. 1977 నవంబరు తుఫానుకి పైకప్పు ఒక మూల లేచిపోతే, అప్పుడు దించిన పాత పెంకు ఒకటి ఇప్పటికీ మా పెరట్లో తులసికోట పక్కన ఉంది. దాని వెనక బాసెల్ మిషన్ టైల్ వర్క్స్, 1865 అని ఇంగ్లీషులో అచ్చు ఉంటుంది. ఆ ఫ్యాక్టరీ పెట్టిన ఏడాది అది. నేనేమో మా గోడౌన్ 1865లో కట్టారని బళ్ళో అందరికీ గొప్పలు చెప్పుకుని, ఒకరోజు సోషల్ మాస్టారి దగ్గర దొరికిపోయాను.

తాతగారి రోజుల్లో రైతుల దగ్గర వర్జీనియా ఆకు కొని, మండెలు (ఆకు కుప్పలు) వేసి, గ్రేడింగ్ చేయించి, బేళ్ళు కట్టి పంపేవారు. సీజన్లో నూటయాభై మంది ఆడవాళ్ళు వరసల్లో కూర్చుని ఆకు రంగు చూసి వేరు చేసేవారట. తలుపు వెనక గోడ మీద బొగ్గుతో ఐదేసి గీతల గుర్తులు ఇప్పటికీ ఉన్నాయి. నాలుగు నిలువు, ఒకటి అడ్డం. ఎవరో తను కట్టిన కట్టలు లెక్కేసుకుంది. 1976లో పొగాకు బోర్డు మన ఊళ్ళోనే పెట్టారు, 1985 నుంచి ఆంధ్రలో బోర్డు వేలం మొదలైంది. రైతు సరుకు నేరుగా మా గుమ్మంలోకి రావడం తగ్గిపోయింది. తర్వాత మిర్చి బస్తాలకి అద్దెకిచ్చారు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఎరువుల వ్యాపారి ఉన్నాడు. నాన్న పోయి రెండేళ్ళు. అప్పటినుంచీ ఖాళీ.

ఇప్పుడు అసలు బాధ. 2018లో గోడ అడుగున నెమ్ము కనిపిస్తోందని నాన్న ఒక మేస్త్రీని పెట్టి లోపలా బయటా నాలుగడుగుల ఎత్తు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. రెండేళ్ళు గోడ పెళ్ళికూతురిలా ఉంది. తర్వాత నెమ్ము ఆ నాలుగడుగులూ దాటి పైకెక్కింది, ఇప్పుడు ఆరడుగుల దగ్గరుంది. పోయిన నెల వెళ్ళినప్పుడు తలుపు పక్కన ప్లాస్టరింగ్ బోలుగా మోగుతోందని చేత్తో తట్టాను. భోజనం పళ్ళెమంత పెచ్చు ఊడి నా చేతిలోకి వచ్చింది. తిరగేసి చూద్దును కదా, సిమెంటు వెనక ఇటుకల ముఖాలు అతుక్కుని ఉన్నాయి! అరంగుళం మందాన, వాటి మధ్య సున్నం గీతలతో సహా, ఎవరో తోలు వలిచినట్టు. గోడలో మిగిలిన ఇటుక మీద తెల్లటి నూగు. వేలితో తీసి నాలుక మీద పెట్టుకున్నాను (పచ్చళ్ళ వ్యాపారం నాది, ఏది కనిపించినా రుచి చూడటం అలవాటు). ఉప్పగా ఉంది, కొంచెం చేదు, చివర్లో నాలుక చల్లబడింది.

మా తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు, వాడు బిల్డరుకి ఇచ్చేద్దామంటున్నాడు. పాత సామాను కొనేవాళ్ళు కూడా వచ్చి టేకు, పెంకు, ఇటుక కలిపి ఆరు లక్షలిస్తాం, పది రోజుల్లో నేల మట్టం చేసి అప్పగిస్తాం అన్నారు. ఇంకో కాంట్రాక్టరు ఏమో మళ్ళీ సిమెంటు వేసి పైన గ్రానైటు అతికిస్తే నూరేళ్ళకి ఢోకా లేదంటున్నాడు. బంధువుల్లో సగం మంది ఫంక్షన్ హాలు చెయ్యమంటారు. నాకేమో నా పచ్చళ్ళ ప్యాకింగ్ అక్కడికి మార్చాలని ఉంది. కానీ వాన పడిందంటే ఆ గోడల్లోంచి పొగాకు వాసన లేస్తుంది. ఆవకాయకి ఆ వాసన పడితే నా పని అయిపోయినట్టే.

నా ప్రశ్నలు: ఆ గోడ నిలుస్తుందా? నిలిస్తే నెమ్ము ఎలా ఆపాలి? ఆ వాసన పోతుందా? అసలు ఇలాంటి దాన్ని ఏం చేస్తే బాగుంటుంది? కూల్చమని చెప్పేవాళ్ళు కూడా చెప్పండి, కానీ కారణం రాయండి.

*

ప్లాట్ల ప్రసాద్:

మేడమ్, లెక్క చూడండి. బిల్డింగ్ కిందే ఆరువందల గజాలు, చుట్టూ ఖాళీ వేరే. గూడ్స్ షెడ్డు దగ్గరంటే సెంటరు. డెవలప్‌మెంటుకి ఇస్తే సగం ఫ్లాట్లు మీవి, చేతి నుంచి రూపాయి పెట్టక్కర్లేదు. రాలిపోయే గోడకి డబ్బు పొయ్యడం సెంటిమెంటు తప్ప ఇంకేం కాదు. ఏమీ అనుకోకండి.

*

గుంటూరు సుగుణ:

ఏమీ అనుకోలేదు ప్రసాద్ గారూ, మా తమ్ముడూ అచ్చం ఇవే మాటలంటాడు. సెంటిమెంటు ఉన్న మాట నిజమే. అందుకే అది లేనివాళ్ళని అడుగుతున్నాను.

*

సైటింజనీరు:

సుగుణ గారూ, ముందు ఒక మాట. గోడ మీద ఉప్పు ఇంకెప్పుడూ నాకకండి. ఎరువుల గోడౌన్ అది!

అన్నట్టు మీ పోస్టులో అసలు సంగతి ఆ ఒక్క వాక్యంలోనే దొరికింది. చాలా ఏళ్ళు ఎరువులు నిలవ పెట్టారన్నారు, నాలుక చల్లబడిందన్నారు. అది సురేకారం (ఎరువుల్లో ఉండే నైట్రేటు ఉప్పు) లక్షణం. బస్తాల్లోంచి కారిన ఎరువు నేలలోకీ గోడ అడుగులోకీ ఇంకి ఉంటుంది. నెమ్ము ఒక్కటే అయితే గోడ తడుస్తుంది, ఆరుతుంది, అంతే. ఉప్పు కలిసిన నెమ్ము మాత్రం ఇటుకని తినేస్తుంది.

ఎలాగో చెబుతాను. ఇటుక గోడ దీపం వత్తి లాంటిది, నేలలో తడిని పైకి లాగుతుంది. పైన సున్నం ప్లాస్టరింగ్ ఉంటే ఆ తడి గోడ ముఖం మీదుగా గాలికి ఆరిపోతుంది, ఉప్పు కూడా బయటే పూస్తుంది, చీపురుతో ఊడ్చేస్తే పోతుంది. మీ నాన్నగారి మేస్త్రీ సిమెంటు వేసి ఆ దారి మూసేశాడు. తడి ఆరడానికి చోటు వెతుక్కుంటూ పైకి పోయింది, అందుకే నాలుగడుగుల నెమ్ము ఆరడుగులైంది. ఉప్పు సిమెంటు వెనకే, ఇటుక చర్మం లోపల గడ్డకట్టింది. గడ్డకట్టేటప్పుడు ఉప్పు ఉబ్బుతుంది. ఇటుక మెత్తన, సిమెంటు గట్టిది. ఏది పగులుతుంది? మీ చేతిలోకి వచ్చిన పెచ్చే దానికి జవాబు. ఆయన తప్పేం లేదు, మన ఊళ్ళల్లో ఏ మేస్త్రీని అడిగినా అదే చేస్తాడు. ఇప్పుడు గ్రానైటు అతికిస్తే ఈసారి పెచ్చు అంగుళం మందాన ఊడుతుంది.

కాబట్టి మొదటి పని, సిమెంటు మొత్తం తీసెయ్యడం. మిషన్ పెట్టకండి. చిన్న సుత్తి, ఉలి, ఓపిక. తీశాక ఒక వేసవి మొత్తం గోడని అలాగే వదిలేయండి, ఆరనివ్వండి. ఉప్పు బాగా ఉన్న చోట పాత కాగితాలు మంచి నీళ్ళలో నానబెట్టి గుజ్జు చేసి అంగుళం మందాన గోడకి పట్టించండి. పూర్తిగా ఆరాక తీసి పారేయండి. ఉప్పు ఆ గుజ్జులోకి లాక్కొస్తుంది. రెండు మూడు సార్లు చెయ్యాలి. ఆ తర్వాత సున్నం ప్లాస్టరింగ్: ఒక పాలు సున్నం, మూడు పాళ్ళు ఇసుక, కొంచెం ఇటుక పొడి. కరక్కాయ, బెల్లం నానబెట్టిన నీళ్ళు పోసే పాత మేస్త్రీలు మీ వైపు దొరికితే ఇంకా మంచిది. మొదటిసారి వేసింది రెండు మూడేళ్ళలో ఉప్పు తిని రాలిపోవచ్చు. రాలనివ్వండి. ఇటుక బదులు అది రాలుతోందని సంతోషించి మళ్ళీ వేయించండి.

రెండోది, రోడ్డు. మీరు రాయలేదు గానీ పందెం కాస్తాను, మీ గోడౌన్ నేల కంటే రోడ్డు ఎత్తులో ఉంటుంది. మన మున్సిపాలిటీల్లో పాతది గీకకుండా రోడ్డు మీద రోడ్డు వేస్తారు. అదే నిజమైతే బయట గోడ వెంబడి అడుగున్నర వెడల్పున మట్టి తీసి, కంకర నింపి, నీళ్ళు బయటికి పోయేలా కాలువ పెట్టాలి. పునాది అడుగు దాటి తవ్వకూడదు, మొత్తం ఒకేసారి తవ్వకూడదు. ఆరేసి అడుగుల ముక్కలుగా తవ్వి, నింపి, పక్కకి జరగండి.

మూడోది, ట్రస్సులు. ట్రస్సు మధ్యలో పుచ్చడం తక్కువ, ఎక్కువగా గోడలో దూరిన చివరలే పుచ్చుతాయి. నిచ్చెన వేసి పదకొండింటికీ రెండు వైపులా, అంటే ఇరవైరెండు చోట్ల, స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. అరంగుళం కన్నా లోపలికి దిగితే ఆ చివర గుల్ల.

గోడ నిలుస్తుందా అంటే, 120 అడుగులు అడ్డగోడ లేకుండా ఉన్న ఇటుక గోడ నిలువు బరువుకి భయం లేదు, అడ్డంగా ఊపితేనే భయం. గుంటూరు భూకంపాల మూడో జోన్‌లో (ఓ మోస్తరు ప్రమాదం) ఉంది. ట్రస్సుల దగ్గర రెండు గోడల్నీ ఇనుప రాడ్లతో కట్టించాలి. రెండు చివర్ల పైనున్న త్రికోణం గోడలే ముందు పడతాయి, వాటిని పైకప్పుకి బిగించాలి. ఇటుక కట్టడాల బలోపేతానికి ఐ.ఎస్. 13935 అని కోడ్ ఉంది, దాన్ని చదివిన స్ట్రక్చరల్ ఇంజనీరునే పిలవండి. వచ్చినాయన మొదటి మాటే లోపల స్లాబు వేద్దాం అంటే కాఫీ ఇచ్చి పంపించెయ్యండి. పాత గోడ మీద స్లాబు బరువు పెట్టకూడదు. పై అంతస్తు కావాలంటే వేరే ఇనుప స్తంభాల మీద, గోడకి తగలకుండా కట్టుకోవాలి.

*

ఓరుగల్లు చేనేత:

సుగుణక్కా, మా బాపు వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో స్పిన్నింగ్‌లో చేసేవాడు. నిజాం తన పెద్ద కొడుకు పేరు మీద 1934లో పెట్టించిన మిల్లు. మా వాడకట్టు మొత్తం ఆ సైరన్‌కే నిద్ర లేచేది, ఆ సైరన్‌కే అన్నం తినేది. 2002లో మూతపడింది. తర్వాత స్థలం ప్లాట్లయింది. మా బాపు బతికున్నన్ని రోజులు ఆ దారిన వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవాడు.

దాన్ని ఉంచితే ఏం చేసేవాళ్ళు అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. అంత పెద్దదాన్ని నడపడం మామూలు మాట కాదు. మీది పన్నెండు అంకణాలే కదా, చేతిలో పట్టేంత ఉంది. అందుకే చెబుతున్నా.

*

డర్హమ్‌లో పేట కుర్రాడు:

నాది చిలకలూరిపేట, ఇప్పుడుండేది అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్రం డర్హమ్‌లో. పొగాకు గోడౌన్ అనగానే ఆగలేకపోయాను, ఎందుకంటే ఇది అచ్చంగా పొగాకు ఊరు. మనం బ్యారన్లలో కాల్చి పచ్చగా తీసే వర్జీనియా ఆకుని ఇక్కడ బ్రైట్‌లీఫ్ అంటారు. ఆ పేరుతోనే బ్రైట్‌లీఫ్ స్క్వేర్ అని ఊరి మధ్యలో రెండు పొడుగాటి ఇటుక గోడౌన్లున్నాయి. 1904లో పొగాకు నిలవకి కట్టారు, 1981లో దుకాణాలుగా మార్చారు. మొదటిసారి వెళ్ళినప్పుడు లోపల నిలబడి పైకి చూస్తే మా మేనమామ గోడౌన్లో నిలబడినట్టే అనిపించింది. పెంకు ఒక్కటే తక్కువ.

పెద్దది ఇంకోటుంది, అమెరికన్ టొబాకో ఫ్యాక్టరీ. 1987లో మూసేశారు. పదిహేడేళ్ళు పావురాలకి వదిలేసి, 2004లో ఆఫీసులు, హోటళ్ళుగా తెరిచారు. పొగగొట్టం మీద లక్కీ స్ట్రైక్ అని వాళ్ళ సిగరెట్ పేరు రాసి ఉంటుంది, నీళ్ళ ట్యాంకు కూడా అలాగే ఉంచారు. సాయంత్రం జనం పిల్లల్ని తీసుకుని ఊరికే తిరగడానికి వస్తారు. అయితే ఇక్కడి లెక్క మనకి పెట్టి చూడకండి. గుర్తింపు ఉన్న పాత కట్టడాన్ని పద్ధతి ప్రకారం బాగు చేసి ఆదాయం కోసం వాడితే, అయిన ఖర్చులో 20 శాతం ఇక్కడి కేంద్ర ప్రభుత్వం ఆదాయపు పన్నులో తగ్గిస్తుంది. ఆ లెక్క లేకపోతే ఇందులో సగం పనులు జరిగేవే కావు.

నేను గమనించింది ఒకటి. చిన్న గోడౌన్లు ముందు అయ్యాయి, పెద్ద ఫ్యాక్టరీ ఇరవై ఏళ్ళ తర్వాత. మీరు కూడా పన్నెండు అంకణాలూ ఒకేసారి మొదలెట్టకండి. రెండు అంకణాలు చేసి, ఒక వానాకాలం చూడండి.

*

పరేల్ తెలుగోడు:

మా తాత కరీంనగర్ వైపు నుంచి ముంబయి మిల్లుకి వచ్చాడు. 1982 జనవరి 18న మొదలైన సమ్మెతో ఆ బతుకు పోయింది. ఇప్పుడు ఫీనిక్స్ మిల్లు ఉన్న చోట మాల్ ఉంది, పొగగొట్టం మాత్రం నిలబెట్టారు.

నేను చెప్పదలచింది వేరు. 2017 డిసెంబరు 29 అర్ధరాత్రి దాటాక కమలా మిల్స్ కాంపౌండులో పైకప్పు మీది రెస్టారెంట్లలో నిప్పంటుకుని 14 మంది చనిపోయారు. మాకు అది నడిచి వెళ్ళేంత దూరం. మీది ఎనభై ఏళ్ళకి పైగా ఎండిన టేకు. ఫంక్షన్ హాలు అంటే గుడ్డ సీలింగు, డెకరేషన్ లైట్లు, పక్కనే వంటలు. పెద్ద తలుపు ఒక్కటే ఉంటే మూడొందల మంది ఎటు పోతారు? ఏం పెట్టినా సరే, ఎదురుబొదురుగా రెండు దారులు, వైరింగ్ మొత్తం కొత్తది పైపుల్లో. దీని తర్వాతే మిగతా మాటలు.

*

గుంటూరు సుగుణ:

అందరికీ దణ్ణం. ఇంజనీరు గారూ, పందెం మీరే గెలిచారు. తాతగారి రోజుల్లో మూడు మెట్లెక్కి లోపలికి వెళ్ళేవాళ్ళట. ఇప్పుడు రోడ్డు మీంచి ఒక మెట్టు దిగాలి. నాలుగు మెట్లు రోడ్డు మింగేసింది!

ఫంక్షన్ హాలు మాట తీసేశాను. ఇంకో చిన్న అనుమానం. మా మేనల్లుడు సిమెంటు తీశాక ఇసుక మిషన్ కొట్టించి ఇటుకని ఎర్రగా కనిపించేలా వదిలేద్దాం అత్తా, కాఫీ షాపుల్లో ఇప్పుడదే ఫ్యాషన్ అంటున్నాడు. చెయ్యొచ్చా?

*

సైటింజనీరు:

వద్దే వద్దు. బట్టీలో కాలినప్పుడు ఇటుకకి పైన గట్టి చర్మం వస్తుంది, లోపల మెత్తన. ఇసుక కొడితే పోయేది ఆ చర్మమే. రెండు వానాకాలాలకి ఇటుక బిస్కెట్టులా అవుతుంది. ఎర్ర గోడ కావాలని మోజుంటే మీ మేనల్లుణ్ణి పైన నెమ్ము ఎక్కని చోట మెత్తటి బ్రష్షుతో కడుక్కోమనండి, ఎన్ని అడుగులు కడుగుతాడో చూద్దాం. కింద మాత్రం సున్నమే.

వాసన సంగతి మర్చిపోయాను. పొగాకు వాసన ఎక్కువగా నేల మీద, చెక్క మీద పేరుకున్న దుమ్ములో, నూనె జిడ్డులో ఉంటుంది. చెక్కని దులిపి తడిగుడ్డతో తుడిపించండి, గోడకి మూడు పూతలు సున్నం కొట్టించండి. చాలావరకు పోతుంది. మొత్తం పోతుందని మాత్రం నేను మాటివ్వను. తినే వస్తువు అక్కడ పెట్టే ముందు మీరే ఏదో పరీక్ష పెట్టుకోండి.

*

గుంటూరు సుగుణ (ఎనిమిది నెలల తర్వాత):

చాలామంది మెసేజీలు పెట్టారు, అందుకే జరిగింది రాస్తున్నాను.

పేట తమ్ముడు చెప్పినట్టు రెండు అంకణాలతోనే మొదలెట్టాం, ఉత్తరం వైపు చివరివి. సిమెంటు తియ్యడానికి ఇద్దరికి పంతొమ్మిది రోజులు పట్టింది. గోడలో సగం ఇటుకలకి ముఖాలు లేవు, చూస్తుంటే కడుపులో తిప్పింది. బాగా చెడినవి ఓ నలభై తీసేసి, పెరట్లో పడిపోయిన ప్రహరీ ఇటుకలే సున్నంతో పెట్టించాం. బాపట్ల నుంచి డెబ్భై దాటిన మేస్త్రీ ఒకాయన దొరికాడు. మొదటిరోజు సున్నం తొట్టిలో చెయ్యి పెట్టి, మునివేళ్ళతో రుద్ది, ఇంకా మూడు రోజులు నాననివ్వండమ్మా, వెన్నలా కావాలి అని ఇంటికి వెళ్ళిపోయాడు. మా తమ్ముడు ఫోన్లో మూడు రోజుల కూలీ దండగ అన్నాడు. కూలీ ఏం తీసుకోలేదు, ఊరికే వెళ్ళాడు.

కాగితం గుజ్జు మూడుసార్లు పెట్టాం. మా పచ్చళ్ళ దుకాణంలో పేరుకున్న పాత పేపర్లన్నీ దానికే అయిపోయాయి. మొదటిసారి ఆరాక ఊడదీస్తే మంచు పట్టినట్టు తెల్లగా ఉంది. మూడోసారికి బాగా తగ్గింది. స్క్రూడ్రైవరు పరీక్షలో ఇరవైరెండింటిలో మూడు చివర్లు గుల్ల. ఒకటైతే పిడి దాకా దిగిపోయింది. వాటికి ఇనుప పట్టాలు వేసి కొత్త టేకు ముక్కలు అతికించారు. రాడ్లు ఇంకా వెయ్యలేదు, ఇంజనీరు డ్రాయింగులు ఇచ్చాడు, డబ్బు చూసుకుంటున్నాను. కాలువ మాత్రం రోడ్డు వైపు పూర్తయింది. ఆగస్టులో రాత్రంతా వాన పడితే పొద్దున్నే గొడుగేసుకుని వెళ్ళాను. నేల పొడిగా ఉంది. చెయ్యి పెట్టి చూశాను, మళ్ళీ చూశాను. ఈసారి నాలుక పెట్టలేదు ఇంజనీరు గారూ.

ఇక వాసన. నా పరీక్ష ఇది: ఉతికిన తెల్ల చీర ఒకటి లోపల దండెం మీద వారం రోజులు ఆరేశాను, ఇంకోటి ఇంట్లో. వారం తర్వాత రెండూ మా కోడలి ముక్కు దగ్గర పెట్టి ఏది ఎక్కడిదో చెప్పమన్నాను. టక్కున చెప్పేసింది. అంటే ఆవకాయకి పనికిరాదు. ఆ రోజు నేను చాలా డీలా పడిపోయాను, బిల్డరు నంబరు కూడా తీశాను.

అప్పుడే అక్కడ గ్రేడింగ్ చేసిన ఒక పెద్దావిడ చూడ్డానికి వచ్చింది. దగ్గర్లోనే ఉంటుంది, ఎనభై దాటాయి. బొగ్గు గీతల దగ్గరికి తీసుకెళితే ఇవి నావి కావు, నేను సుద్దతో గీసేదాన్ని అంది. తర్వాత కిటికీల కేసి చూసి, ఇవి ఉత్తరం వైపే ఎందుకు పెట్టారో తెలుసా అమ్మా అని అడిగింది. అన్నేళ్ళలో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. మిగతా మూడు వైపులా పైన చిన్న గవాక్షాలే. ఎండ నేరుగా పడితే ఆకంతా ఒకటే పసుపులా కనిపిస్తుందట, నిమ్మపండు రంగుకీ నారింజ రంగుకీ తేడా దొరకదట. ఉత్తరం వెలుతురు పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ఒక్కలాగే ఉంటుంది, దాంట్లో రంగు అబద్ధమాడదు అంది.

ఆ మాట మా వీధిలో మగ్గం వర్క్ చేయించే అమ్మాయికి చెప్పాను. ఎనిమిది మంది పనివాళ్ళతో ఇరుకు గదిలో, పగలే ట్యూబులైట్లు వేసుకుని పెళ్ళి జాకెట్లు కుడుతున్నారు. మర్నాడే వచ్చింది. సంచిలోంచి ఆకుపచ్చ దారం కండెలు ఐదు తీసి కిటికీ కింద నేల మీద పరిచింది. నాకు మూడు రంగులే కనిపించాయి. ఆ అమ్మాయి కండె కండెకీ పేరు చెప్పింది. పొగాకు వాసన అడిగితే, జాకెట్ ఎలాగూ డ్రైక్లీనింగ్‌కి వెళ్ళే వస్తుంది ఆంటీ, మా గదిలో పక్కింటి చేపల వాసనకంటే నయం అంది. దసరాకి ఆ రెండు అంకణాల్లోకి వస్తున్నారు. రెండో తలుపు వెనక వైపు తీయించాం. మున్సిపాలిటీలో వాడకం మార్పుకి కాగితాలు పెట్టాను, తిరుగుతున్నాను.

తమ్ముడు ఇంకా ఒప్పుకోలేదు. మిగిలిన పది అంకణాల మాట ఏంటని అడుగుతాడు. అడగడంలో న్యాయం ఉంది. అద్దె మొదలయ్యాక లెక్కలు పంపుతానన్నాను.

ఇంజనీరు గారూ, ఒక్క సందేహం మిగిలింది. వాళ్ళకి నాలుగు సీలింగ్ ఫ్యాన్లు కావాలి. ట్రస్సు కింది దూలానికి నేరుగా హుక్కు బిగించవచ్చా, లేక రెండు ట్రస్సుల మధ్య వేరే పైపు వేసి దానికి వేలాడదీయమంటారా? ఎలక్ట్రీషియన్ శుక్రవారం వస్తానన్నాడు.